క్యారవాన్‌లోనే కాపురం పెట్టొచ్చా? నీళ్లు, కరెంటు, అడ్రస్: మూడు లెక్కలు

ఇల్లు ఖాళీ చేసి, పిల్లల్ని ఎక్కించుకుని, బండిలోనే బతుకుతూ దేశమంతా తిరిగే ఫ్యామిలీల రీల్స్ ఈ మధ్య తెగ వస్తున్నాయి కదా. పొద్దున కొండ, మరుసటి రోజు బీచ్. చూస్తే ఎవరికైనా "జాబ్ మానేసి మనమూ వెళ్లిపోదామా" అనిపిస్తుంది. మనకి క్యారవాన్ అంటే షూటింగ్‌లో హీరో రెస్ట్ తీసుకునే బండి. అందులోనే ఏడాదంతా కాపురం అంటే ఎట్లుంటుంది? ఈ ఎపిసోడ్‌లో వ్యూలు పక్కన పెట్టి లెక్కలు చూద్దాం.

మొదటి లెక్క నీళ్లు. మాది అనంతపురం జిల్లా బెళుగుప్ప. మా జిల్లాలో ఏడాది మొత్తం పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అందుకే ఏ ఇల్లు చూసినా నా మొదటి ప్రశ్న నీళ్లే. పల్లెల్లో మనిషికి రోజుకు కనీసం 55 లీటర్లు ఇవ్వాలనేది జల్ జీవన్ మిషన్ పెట్టుకున్న లెక్క. నలుగురుంటే 220 లీటర్లు. మన దగ్గర ఒక మామూలు క్యారవాన్‌లో 100 లీటర్ల ట్యాంక్ ఉందనుకోండి. అర రోజుకి కూడా చాలదు! మనిషికి 20 లీటర్లతో సర్దుకున్నా రోజుకు 80. అంటే దాదాపు రోజూ ట్యాంక్ నింపాల్సిందే. పోనీ పెద్ద ట్యాంక్ పెడదామా? 100 లీటర్లంటే 100 కేజీల బరువు. ఆ బరువు మైలేజీ మీద పడుతుంది.

ఇంకోటి, వాడిన నీళ్లు ఎక్కడికి పోతాయి? గిన్నెలు కడిగిన నీళ్లకి ఒక ట్యాంక్. టాయిలెట్‌కి చాలా బండ్లలో సూట్‌కేస్ లాగా బయటికి లాగే డబ్బా ఉంటుంది, సుమారు 20 లీటర్లు. నలుగురుంటే రెండు మూడు రోజులకి నిండిపోతుంది. దాన్ని సెప్టిక్ ట్యాంక్ ఉన్న టాయిలెట్‌లోనే పోయాలి. ఎవరూ చూడట్లేదని వంకలోనో చెరువు గట్టు మీదో పోస్తే ఆ ఊరి వాళ్ల నీళ్లు పాడుచేసినట్టే. ఈ పని ఏ రీల్‌లోనూ కనపడదు.

రెండో లెక్క కరెంటు. బండి పైన 400 వాట్ల సోలార్ ప్యానెల్ పెట్టామనుకుందాం. ఎండ బాగుంటే రోజుకి ఒకటిన్నర యూనిట్ దాటి వస్తుంది. తక్కువ కరెంటు తాగే రెండు ఫ్యాన్లు పది గంటలు తిరిగితే 0.6 యూనిట్. చిన్న ఫ్రిజ్‌కి ఇంకో 0.6. ల్యాప్‌టాప్, ఫోన్లు, లైట్లకి 0.4. అక్కడికే 1.6 అయిపోయింది. ఇప్పుడు ఏసీ వేయండి. గంటకి సుమారు ఒక యూనిట్. రాత్రి ఎనిమిది గంటలకి ఎనిమిది యూనిట్లు. ఎక్కడి నుంచి వస్తాయి?

అందుకే ఇట్లా బతికేవాళ్లు ఎండాకాలం కొండలకి, చలికాలం సముద్రం వైపుకి పోతుంటారు. వాతావరణాన్ని బట్టి మకాం మార్చడమే వాళ్ల ఏసీ.

ఈ ఐడియా ఎక్కడో విన్నట్టు లేదూ? మన సైడ్ గొర్రెల కాపరులు ఎప్పటినుంచో చేస్తున్నది ఇదే. మేత అయిపోతే మందని తోలుకుని నీళ్లుండే ఆయకట్టు వైపు పోతారు. కోత అయిన చేలల్లో రాత్రి మంద ఆపుతారు. ఎరువు పడుతుంది కాబట్టి రైతు ధాన్యమో డబ్బో ఇస్తాడు. వాళ్లకి సోలార్ లేదు, ట్యాంక్ లేదు. కానీ ఏ ఊళ్లో నీళ్లున్నాయి, ఎవరి చేలో ఆగాలి అనే మ్యాప్ తలలో ఉంటుంది.

మూడో లెక్క అడ్రస్. అసలు మేటర్ ఇక్కడుంది. అమెరికాలో ఏడాదంతా బండిలో తిరిగేవాళ్లకి సౌత్ డకోటా రాష్ట్రం ఫేమస్. అక్కడ మెయిల్‌బాక్స్ అడ్రస్ తీసుకుని, ఒక రాత్రి ఆ రాష్ట్రంలో ఉన్నట్టు రసీదు చూపిస్తే డ్రైవింగ్ లైసెన్స్ తీసుకునే వీలుంది. మన దగ్గర అట్లాంటి ఏర్పాటు లేదు. ఆధార్, బ్యాంక్, బండి రిజిస్ట్రేషన్, అన్నిటికీ ఒక ఇల్లు కావాలి. ఓటు కూడా మామూలుగా నివసించే చోటే. బీహెచ్ నంబర్ ప్లేట్ తీసుకుందామంటే, అది ప్రభుత్వ ఉద్యోగులకి, నాలుగు అంతకంటే ఎక్కువ రాష్ట్రాల్లో ఆఫీసులున్న కంపెనీల ఉద్యోగులకి ఇస్తారు. జాబ్ మానేసినవాళ్లకి కాదు. పాత వ్యాన్ కొని ఇష్టమొచ్చినట్టు ఇల్లులా మార్చడం కూడా కుదరదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. మోటార్ క్యారవాన్‌కి ఏఐఎస్-124 అనే స్టాండర్డ్ వేరేగా ఉంది. రూల్ ప్రకారం తయారైన బండే తీసుకోండి. లేదంటే యాక్సిడెంట్ అయినప్పుడు ఇన్సూరెన్స్ దగ్గర ఇబ్బంది పడతారు.

పిల్లల చదువు? ఎన్‌ఐఓఎస్ ద్వారా 14 ఏళ్లు నిండాక పదో తరగతి పరీక్ష రాయొచ్చు. అప్పటిదాకా పాఠాలు చెప్పాల్సింది అమ్మానాన్నలే. ఇద్దరూ డ్రైవింగ్, వంట, వీడియో ఎడిటింగ్‌తో బిజీగా ఉంటే పాఠం ఎవరు చెప్తారు?

ఇప్పుడు ఇదే లెక్కని ఇంకో ఫ్యామిలీకి వేసి చూడండి. వాన పడక, వేరుశనగ చేతికి రాక, మన జిల్లా నుంచి బెంగళూరుకి, కేరళకి పనికి పోయేవాళ్లు ఉన్నారు. వాళ్లదీ సంచార జీవితమే. నీళ్లు కొనుక్కోవాలి, టాయిలెట్ వెతుక్కోవాలి, పిల్లల చదువు మధ్యలో ఆగుతుంది. వన్ నేషన్ వన్ రేషన్ కార్డ్ వచ్చాక వేరే రాష్ట్రంలోనూ వేలిముద్ర వేసి బియ్యం తీసుకోవచ్చు. ఇది నిజంగా పెద్ద హెల్ప్. వలస ఎక్కువున్న చోట్ల పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకోవడానికి సీజనల్ హాస్టళ్లు కూడా ఉన్నాయి. ఈ రెండు విషయాలు మీకు తెలిసిన వలస కుటుంబం ఉంటే తప్పకుండా చెప్పండి.

అమెరికాలో కూడా అందరూ సరదాకి బండెక్కలేదు. 2008 ఆర్థిక సంక్షోభం తర్వాత ఇంటి ఖర్చు భరించలేక వ్యాన్లలో బతుకుతూ సీజన్ పనులకి తిరిగిన పెద్ద వయసు వాళ్ల గురించి జెస్సికా బ్రూడర్ 'నోమాడ్‌ల్యాండ్' అనే పుస్తకం రాశారు. దాని మీద తీసిన సినిమాకే 2021లో ఆస్కార్ వచ్చింది. బండి అదే, రోడ్డు అదే. తేడా ఒక్కటే: వెనక్కి రావాలనుకుంటే రావడానికి ఇల్లుందా, లేదా?

కాబట్టి నా మాట ఇది. వెళ్లాలనుకుంటే వెళ్లండి, కానీ ఇల్లు అమ్మి బండి కొనకండి. ముందు అద్దె క్యారవాన్‌లో పది రోజులు తిరగండి. అంతకంటే ముందు ఒక ఫ్రీ టెస్ట్ ఉంది. ఇంట్లో కొళాయిలన్నీ కట్టేసి, 100 లీటర్ల డ్రమ్ము నింపి, స్నానం, వంట, టాయిలెట్ అన్నీ దాంతోనే ఫ్యామిలీ మొత్తం ఒక రోజు గడపండి. మా ఊళ్లో అవ్వలు ఈ టెస్ట్ ఎప్పుడో పాసయ్యారు. మీ డ్రమ్ము ఎన్ని గంటలకి ఖాళీ అయిందో కామెంట్‌లో చెప్పండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటా!