జైలు గోడ దాటరాని రహస్యం
హెచ్‌ఐవీ ఉన్న ఖైదీల వివరాలు వెల్లడించడం చట్టవిరుద్ధం

ఎల్లారెడ్డిపేట: రిమాండుకు వెళ్లిన వ్యక్తి బెయిలుపై తిరిగి వస్తాడు. కేసు వీగిపోతే నింద తొలగుతుంది. కానీ జైలులో జరిపిన రక్తపరీక్షలో హెచ్‌ఐవీ ఉన్నట్లు తేలిందన్న మాట అతని కంటే ముందే ఊరు చేరితే దానిని ఏ కోర్టూ కొట్టివేయలేదు. ఎల్లారెడ్డిపేట వంటి మండలాల్లో ములాఖత్‌కు వెళ్లి వచ్చిన బంధువు, అదే బ్యారక్‌లో ఉండి వచ్చిన పక్క ఊరి మనిషి చాలు.. విషయం ఇట్టే పాకుతుంది.

హెచ్‌ఐవీ, ఎయిడ్స్‌ నివారణ, నియంత్రణ చట్టాన్ని 2017లో పార్లమెంటు ఆమోదించింది. 2018 సెప్టెంబరు 10 నుంచి ఇది అమలులో ఉంది. దీని ప్రకారం నిర్బంధంలో ఉన్నవారికీ పరీక్ష, కౌన్సెలింగ్‌, చికిత్స పొందే హక్కు ఉంది. అంగీకారం లేనిదే పరీక్ష చేయరాదు. హెచ్‌ఐవీ ఉన్నదన్న కారణంతో వేరుగా ఉంచరాదు. చికిత్స అవసరం మేరకు ఒక వైద్యుడు మరో వైద్యునికి తెలుపవచ్చు. కోర్టు ఆదేశిస్తే వెల్లడించవచ్చు. తోటి ఖైదీలకో, ఎస్కార్ట్‌ పోలీసులకో చెప్పాలని అందులో ఎక్కడా లేదు.

మాట రాకుండానే బయటపడుతుంది

నిజానికి రహస్యం నోటిమాటగా బయటపడేది తక్కువ. బ్యారక్‌ ముందు పేరు పెట్టి పిలిచి మాత్రలివ్వడం, నెలనెలా ఒకే ఖైదీని ఏఆర్‌టీ కేంద్రానికి తీసుకెళ్లడం, రికార్డుపై ఎర్ర సిరాతో గుర్తు పెట్టడం.. ఇవి చాలు. అందరికీ మందులిచ్చే వేళలోనే ఇవీ ఇస్తే, వైద్య రికార్డులను వైద్య సిబ్బంది అధీనంలోనే ఉంచితే చాలావరకు సమస్య తీరుతుంది. ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన నెల్సన్‌ మండేలా నిబంధనలు కూడా ఖైదీని వేరే జైలుకు మార్చినప్పుడు అతని వైద్య రికార్డు గోప్యంగానే వెంట వెళ్లాలంటున్నాయి.

పత్రికలకూ ఇందులో బాధ్యత ఉంది. ఉత్తరాఖండ్‌లోని హల్ద్వానీ జైలులో 44 మందికి హెచ్‌ఐవీ అన్న వార్త 2023 ఏప్రిల్‌లో దేశమంతా చుట్టింది. పేర్లు లేకపోయినా, అక్కడి నుంచి విడుదలైన ప్రతి ఒక్కరినీ అనుమానంగా చూడడానికి అటువంటి వార్త చాలు.

బయటపడుతుందన్న భయంతో ఖైదీ పరీక్షకే రాడు. మొదలుపెట్టిన మాత్రలు మానేస్తాడు. క్రమం తప్పక మందులు వాడి, రక్తంలో వైరస్‌ పరీక్షకు అందనంతగా తగ్గినవారి నుంచి లైంగికంగా ఇతరులకు సోకదు. మానేస్తే ఆ రక్షణ పోతుంది. ఒకే కంచంలో తిన్నా, పక్కన పడుకున్నా, దోమ కుట్టినా హెచ్‌ఐవీ రాదు. ఒకరికి వాడిన సూదులు, బ్లేడ్లు మరొకరికి వాడకుండా చూడడమే ముఖ్యం.

వివక్షకు గురైతే..

చట్టం కింద రాష్ట్ర ప్రభుత్వం నియమించే అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. 30 రోజుల్లో ఉత్తర్వులివ్వాలి. వైద్యపరంగా అత్యవసరమైతే వీలైనంతవరకు 24 గంటల్లోనే. కేసు కోర్టుకు వెళ్తే పేరు గోప్యంగా ఉంచాలని, విచారణ ఆంతరంగికంగా జరపాలని కోరవచ్చు. నిర్బంధంలో ఉన్నవారు న్యాయసేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా న్యాయవాదిని పొందవచ్చు. ములాఖత్‌లో కుటుంబసభ్యులు ఈ సంగతి చెప్పినా చాలు. జబ్బు పేరు మాత్రం అక్కడ ఎత్తనక్కరలేదు.