మోటారు పడవ – మోత తగ్గేదెలా?

డీజిలు లాంచీ ఎప్పుడైనా ఎక్కారా? ఒకటే డుగుడుగు మోత. పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు. ఏళ్ల తరబడి ఆ మోతలోనే పనిచేసే వాళ్లకు చెవుడు వచ్చే ప్రమాదం ఉంది.

కేరళలో వెంబనాడ్ సరస్సు ఉంది. అక్కడ వైకోం రేవు నుంచి 2017లో 'ఆదిత్య' అనే పడవ మొదలైంది. అది ఎండతో తయారైన కరెంటుతో నడిచే పడవ. 75 మంది ఎక్కవచ్చు. పొగ లేదు. డుగుడుగు లేదు.

మరి కరెంటు మోటారుకు చప్పుడే ఉండదా? ఉంటుంది. తిరిగేటప్పుడు మోటారు అదురుతుంది. ఆ అదురు పడవ అడుగుకు పాకుతుంది. పడవ లోపల డొల్ల కదా! డప్పులా మోగుతుంది.

మన ఇంట్లో మిక్సీని చూడండి. దాని కింద రబ్బరు కాళ్లుంటాయి. అవి ఊడితే గట్టంతా దడదడలాడుతుంది. పడవలోనూ అంతే. అందుకే మోటారును రబ్బరు దిమ్మల మీద కూర్చోబెడతారు.

ఇంకా ఏం చేయాలి?

• మోటారుకూ, నీటిలో తిరిగే రెక్కలకూ మధ్య ఇరుసు ఉంటుంది. అది వంకర లేకుండా తిన్నగా ఉండాలి.

• రెక్క వంగినా, విరిగినా బాగు చేయించాలి.

• వదులైన నట్లు బిగించాలి. అరిగిన బేరింగు మార్చాలి.

• రెక్కలకు గుర్రపుడెక్క, తాడు చుట్టుకుంటే తీసేయాలి. ముందు మోటారు ఆపాలి. ఆపకుండా చెయ్యి పెట్టకూడదు.

మోత ఒక్కసారిగా పెరిగిందా? ఎక్కడో ఏదో చెడిందన్నమాట. వెంటనే చూపించాలి.

మోత తగ్గితే చెవికీ మంచిది, మోటారుకూ మంచిది.