తరగని దానం

వికారాబాదు పట్టణానికి సమీపంలోని అనంతగిరి కొండలలో మూసీనది పుడుతున్నది. అక్కడ అది సన్నని ధార మాత్రమే. కొండలు దిగి, హైదరాబాదు నగరం మధ్యగా ప్రవహించి, నల్లగొండ జిల్లాలోని వాడపల్లి వద్ద కృష్ణలో కలిసే నదికంతటికీ ఆ సన్నని ధారయే మూలం. నీరు తగ్గినప్పుడు ఎక్కడి నుండో తెచ్చి నదిలో పోయవచ్చు. కాని పుట్టుకచోటే ఎండిపోయిన నదిని ఎంతకాలం అలా నిలుపగలం? మానవ శరీరంలో నిరంతరం ప్రవహించే రక్తానికి కూడ ఇటువంటి జన్మస్థానం ఒకటి ఉన్నది. అదే ఎముకల లోపల ఉండే మూలుగ. దీనినే ఎముక మజ్జ అని కూడ అంటారు.

తెలంగాణ విందులలో మూలుగ బొక్క అందరికీ పరిచితమైనదే. అయితే ఆ మెత్తని పదార్థం చేసే పని ఎంత గొప్పదో తెలిసినవారు తక్కువ. పెద్దవారిలో రక్తాన్ని తయారుచేసే మజ్జ ముఖ్యంగా కటి ఎముకలలోను, వెన్నుపూసలలోను, రొమ్ము ఎముకలోను, పక్కటెముకలలోను ఉంటుంది. దానిలోని మూలకణాల నుండి ప్రాణవాయువును మోసే ఎర్రకణాలు, రోగక్రిములతో పోరాడే తెల్లకణాలు, గాయమైనప్పుడు రక్తస్రావాన్ని ఆపే ప్లేట్‌లెట్లు పుడతాయి. ఎర్రకణం ఆయుర్దాయం సుమారు 120 రోజులు. ప్లేట్‌లెట్లు వారం పది రోజులకు మించి బతకవు. అందువలన మజ్జకు విశ్రాంతి లేదు. అది రోజుకు సుమారు 20 వేల కోట్ల ఎర్రకణాలను తయారుచేస్తుంది. మూలకణాలకు మరొక విశిష్ట గుణం కలదు. అవి ఇతర కణాలుగా మారడమే కాక, తమవంటి మూలకణాలను కూడ సృష్టించుకొంటాయి. ఈ గుణమే మజ్జదానానికి ఆధారం.

ఈ మూలస్థానం దెబ్బతిన్నప్పుడు భయంకరమైన వ్యాధులు కలుగుతాయి. రక్త క్యాన్సరులో మజ్జ పనికిరాని కణాలను మితిమీరి పుట్టిస్తుంది. ఎప్లాస్టిక్ ఎనీమియాలో కణాల ఉత్పత్తి దాదాపు ఆగిపోతుంది. తలసేమియాలో జన్యులోపం వలన ఎర్రకణాలలోని హిమోగ్లోబిన్ సరిగా తయారుకాదు. తాండూరు నాపరాయి గనులలో పనిచేసే ఒక కుటుంబంలో తలసేమియా గల బిడ్డ పుట్టిందనుకొందాం. ఆ బిడ్డకు రెండు నుండి నాలుగు వారాలకొకసారి జీవితాంతం రక్తం ఎక్కించవలసి ఉంటుంది. అందుకోసం తల్లిదండ్రులు పని మానుకొని, వికారాబాదు మీదుగా హైదరాబాదు వెళ్లే రైలెక్కి, వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేయవలసి వస్తే ఆ సంసారం ఎంత క్రుంగిపోతుందో ఊహించవచ్చు. అంతటితో బాధ తీరదు. ఎక్కించిన రక్తంలోని ఇనుము గుండెలోను, కాలేయంలోను పేరుకొంటుంది. దానిని తొలగించడానికి మళ్లీ మందులు వాడాలి. ఎండిన నదిలో నీరు తెచ్చి పోయడమంటే ఇదే.

తలసేమియా రాకుండ జాగ్రత్త పడడానికి మార్గం ఉన్నది. తల్లిదండ్రులిద్దరిలోను ఈ జన్యులోపం దాగి ఉన్నప్పుడు, ప్రతి కాన్పులోను బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నూటికి 25 పాళ్లు. మేనరికపు పెళ్లిళ్లలో వధూవరులిద్దరికీ ఒకే పూర్వుల నుండి ఒకే లోపం సంక్రమించే అవకాశం ఎక్కువ. లోపాన్ని మోసేవారు చూపులకు ఆరోగ్యవంతులే. పెళ్లికి ముందు హిమోగ్లోబిన్ ఎ2 అనే రక్తపరీక్ష చేయించుకొంటే చాలావరకు విషయం తెలుస్తుంది. హైదరాబాదులో 1998లో ఏర్పడిన తలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ రోగులకు రక్తం ఎక్కించడంతో పాటు ఈ చైతన్యాన్ని కూడ కలిగిస్తున్నది. కాని ఇప్పటికే పుట్టిన బిడ్డ మాటేమిటి? చెడిన మజ్జ స్థానంలో మంచి మజ్జను నిలపడమే ఆ బిడ్డను వ్యాధి నుండి విముక్తం చేసేందుకు చిరకాలంగా నిరూపితమైన మార్గం.

ఈ ఆలోచన కార్యరూపం దాల్చడానికి ఎందరో శ్రమించారు. 1958 అక్టోబరులో నాటి యుగోస్లావియాలోని వించా అణు పరిశోధన కేంద్రంలో ప్రమాదం జరిగి ఆరుగురు తీవ్రమైన వికిరణానికి గురయ్యారు. వారిని పారిస్‌కు తరలించగా, జార్జెస్ మాతే అనే వైద్యుడు వారిలో ఐదుగురికి ఫ్రెంచి దాతల మజ్జను ఎక్కించాడు. ఒకరు మరణించారు, తక్కినవారు బతికారు. వారు కోలుకోవడంలో ఆ మజ్జ పాత్ర ఎంత అన్న విషయంపై శాస్త్రజ్ఞులు తరువాత భిన్నాభిప్రాయాలు వెలిబుచ్చినా, దేశం, భాష తెలియని పరాయివారి కోసం తమ మూలుగను ఇచ్చిన ఆ దాతల ఔదార్యం చరిత్రలో నిలిచిపోయింది. అమెరికాలో ఈ చికిత్సను దశాబ్దాల కృషితో తీర్చిదిద్దిన డానల్ థామస్‌కు 1990లో నోబెల్ బహుమతి లభించింది. మనదేశంలో 1983లో ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి మజ్జమార్పిడికి నాంది పలికింది. 1986లో వేలూరులోని క్రైస్తవ వైద్య కళాశాల ఈ చికిత్సను ప్రారంభించింది.

ఈ చికిత్సలో మొదట శక్తివంతమైన మందులతో, అవసరమైతే వికిరణంతో, రోగి మజ్జను పూర్తిగా తొలగిస్తారు. తరువాత దాత మూలకణాలను రక్తం ఎక్కించినట్లే నరం ద్వారా ఎక్కిస్తారు. అవి తమంత తామే దారి వెదుక్కొని ఎముకలలోకి చేరి, రెండు నుండి నాలుగు వారాలలో కొత్త రక్తాన్ని పుట్టించడం ప్రారంభిస్తాయి. దాతది వేరొక రక్తవర్గమైతే రోగి రక్తవర్గం కూడ క్రమంగా దాత వర్గంగా మారిపోతుంది. ఒక్కొక్కసారి దాత కణాలు రోగి దేహాన్ని పరాయిదిగా భావించి దానిపై దాడి చేస్తాయి. ఈ దాడిని అరికట్టడానికి వాడే మందులలో మెథోట్రెక్సేట్ ఒకటి. భీమవరంలో 1895లో జన్మించిన తెలుగు శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన పరిశోధనల ఫలమే ఈ మందు. తెలుగువారి మేధస్సు ఈ విధంగా ప్రపంచమంతటా రోగుల ప్రాణాలకు అండగా నిలిచింది.

అయితే ఎవరి మజ్జ ఎవరికి సరిపోతుంది? రక్తదానంలో వలె రక్తవర్గం కలిస్తే చాలదు. కణాల మీద ఉండే హెచ్.ఎల్.ఎ. అనే గుర్తులు కలవాలి. వీటిలో సగం తల్లి నుండి, సగం తండ్రి నుండి వస్తాయి. అందువలన ఒక తోబుట్టువుతో పూర్తిగా కలిసే అవకాశం నూటికి 25 మాత్రమే. చిన్న కుటుంబాలలో ఈ అవకాశం మరింత పరిమితం. ఇటీవలి కాలంలో సగం గుర్తులు కలిసిన తల్లి, తండ్రి మూలకణాలతో కూడ చికిత్స సాధ్యమవుతున్నది. అయినా ఎందరో రోగులు ముక్కూ ముఖం తెలియని దాత కోసం ఎదురుచూడవలసి వస్తున్నది.

అటువంటి దాతల పేర్ల పట్టికకు మూలం ఒక తల్లి ఆవేదన. లండనులో షర్లీ నోలన్ అనే ఆమె తన కుమారుడు ఆంథోనీ కోసం 1974లో దాతల నమోదును ప్రారంభించింది. సరిపోయే దాత దొరకక 1979లో ఆ బాలుడు మరణించాడు. కాని ఆమె ప్రారంభించిన పట్టిక నేటికీ ఇతరుల పిల్లలను బతికిస్తూనే ఉన్నది. నేడు ప్రపంచవ్యాప్తంగా నాలుగు కోట్లకు పైగా దాతలు నమోదై ఉన్నారు. సుమారు ఎనిమిదిన్నర కోట్ల జనాభా గల జర్మనీలోనే దాదాపు కోటిమంది ఉన్నారు. మనదేశంలో 2009లో చెన్నైలో ఏర్పడిన దాత్రి వంటి సంస్థలు కృషి చేస్తున్నప్పటికీ, నమోదైనవారు వెయ్యిమందికి ఒక్కరు కూడ లేరు. హెచ్.ఎల్.ఎ. గుర్తులు వంశపారంపర్యమైనవి కనుక, ఒకే ప్రాంతపు మూలాలు గలవారి మధ్యనే అవి కలిసే అవకాశం ఎక్కువ. అమెరికాలో స్థిరపడిన తెలుగు రోగికి తగిన దాత తాండూరులోని కంది చేను గట్టున నిలిచిన యువకుడే కావచ్చు. కాని అతని పేరు పట్టికలో లేకపోతే ఆ సంగతి ఎవరికీ తెలియదు.

దాతగా చేరడానికి 18 సంవత్సరాలు నిండిన ఆరోగ్యవంతుడు సమ్మతిపత్రం రాసి, బుగ్గ లోపలి భాగాన్ని దూదిపుల్లతో తుడిచి ఇస్తే చాలు. ఎప్పుడో ఒకనాడు రోగితో గుర్తులు కలిసినప్పుడే పిలుపు వస్తుంది. ఇప్పుడు అధికంగా అనుసరించే పద్ధతిలో దాతకు నాలుగైదు రోజులు సూదిమందు ఇచ్చి, మూలకణాలు రక్తంలోకి వచ్చేటట్లు చేస్తారు. తరువాత చేతి నరం నుండి రక్తాన్ని యంత్రంలోకి పంపి, మూలకణాలను వేరుచేసి, మిగిలిన రక్తాన్ని తిరిగి ఎక్కిస్తారు. దీనికి కొన్ని గంటలు పడుతుంది. ఆ రోజులలో ఒళ్లు నొప్పులు, తలనొప్పి, అలసట కలుగవచ్చు. రెండవ పద్ధతిలో మత్తు ఇచ్చి కటి ఎముక వెనుక భాగం నుండి సూదితో మజ్జను తీస్తారు. వెన్నెముకను తాకరు; ఎముకను కోయరు. నడుము కొన్నాళ్లు నొప్పిగా ఉండవచ్చు. తీసిన మజ్జ కొద్ది వారాలలోనే తిరిగి భర్తీ అవుతుంది. ‘ఎముక బలహీనమవుతుంది, కాలుచేయి పడిపోతుంది’ అనే మాటలు అపోహలు మాత్రమే.

మూలకణాల పేరుతో సర్వరోగాలు నయం చేస్తామనే ప్రకటనలను నమ్మరాదు. బిడ్డ బొడ్డుతాడు రక్తాన్ని దాచుకొన్నంత మాత్రాన ఆ బిడ్డ తలసేమియా నయం కాదు. ఆ కణాలలో కూడ అదే జన్యులోపం ఉంటుంది. ఖర్చు విషయంలో కొంత చేయూత లభిస్తున్నది. తలసేమియా పిల్లల మజ్జమార్పిడికి కోల్ ఇండియా సంస్థ నిధులతో 2017లో ఒక పథకం ప్రారంభమైంది. దాని ద్వారా ఒక్కొక్కరికి 10 లక్షల రూపాయల వరకు సహాయం అందుతుంది.

ధనం కంటె కూడ కీలకమైనది దాత ఇచ్చే మాట. నమోదు చేసుకొనేనాడు ఉత్సాహం ఉంటుంది. పిలుపు వచ్చేనాటికి ఇంటివారు భయపడవచ్చు, ఉద్యోగం అడ్డు రావచ్చు. మనసు మార్చుకొనే హక్కు దాతకు ఎల్లప్పుడూ ఉన్నది. కాని రోగి మజ్జను తొలగించిన తరువాత దాత వెనుకకు తగ్గితే ఆ రోగి ప్రాణం నిలవడం దుర్లభం. కాబట్టి ఇంటిల్లిపాదితో చర్చించి, సందేహాలు తీర్చుకొని, స్థిరనిశ్చయంతో పేరు నమోదు చేసుకోవాలి. తొందరపడి చేరి తప్పుకొనే పదిమంది కంటె ఆలోచించి చేరి నిలబడే ఒక్కరు మేలు.

ఇంద్రుని వజ్రాయుధం కోసం దధీచి మహర్షి తన ఎముకలను ఇచ్చాడని పురాణాలు చెబుతున్నాయి. ఆ దానానికి ఆయన ప్రాణాన్నే అర్పించవలసి వచ్చింది. నేటి దాత కోల్పోయేది కొద్దిరోజుల విశ్రాంతి మాత్రమే. ఇచ్చినా తరగని ధనం విద్య అని పెద్దలు చెప్పారు. ఎముకలలోని మూలుగ కూడ అటువంటిదే. అనంతగిరి నుండి ఎంత నీరు ప్రవహించినా అక్కడి ఊట మళ్లీ ఊరినట్లు, ఇచ్చినవారి దేహంలో అది మళ్లీ నిండుతుంది. అందుకొన్నవారి దేహంలో కొత్త నదికి పుట్టుక అవుతుంది.

అభ్యాసం

1. ఎముక మజ్జ రక్తానికి జన్మస్థానమని ఎట్లా చెప్పవచ్చు?
2. తలసేమియా బిడ్డ గల కుటుంబం ఎదుర్కొనే కష్టాలను వివరించండి.
3. తోబుట్టువులున్నా పరాయి దాత కోసం వెదకవలసిన అవసరం ఎందుకు కలుగుతున్నది?
4. మూలకణాలను సేకరించే రెండు పద్ధతులను సంగ్రహంగా రాయండి.
5. దాత ఇచ్చిన మాటకు గల ప్రాధాన్యాన్ని మీ మాటలలో చర్చించండి.