లంకెబిందెలు కాదప్పా, నాణెం దొరికిన తావే అసలు నిధి

ఫోన్లో రీల్స్ తిప్పుతా ఉంటే మీకూ కనపడే ఉంటాది. యాడో ఇంగ్లండులో ఒకాయన కట్టెకు పళ్లెం బిగించినట్టుండే మిషన్ పట్టుకొని దున్నిన చేన్లో నడుస్తా ఉంటాడు. మిషన్ కుయ్యిమంటాది. చిన్న పారతో రవంత మన్ను తీస్తే బంగారు నాణెం మెరుస్తాది. ఆ వీడియోలు చూసి మన ఎన్.పి.కుంట, కదిరి, తనకల్లు పక్క పిల్లోళ్లు అడిగే మాట ఒకటే: "అన్నా, ఆ మిషన్ యాడ దొరుకుతాది? పాత గుడి కాడ తిప్పితే లంకెబిందెలు తగలవా?"

నవ్వి పంపించే ప్రశ్న కాదిది. మన సీమ మన్నులో పాత నాణేలు ఉండేదానికి కారణాలు ఉండాయి. 1565లో తళ్లికోట యుద్ధం పోయినాక విజయనగర రాజులు రాజధానిని పెనుకొండకు మార్చుకున్నారు. ఆ తర్వాత పాళెగాళ్ల కొట్లాటలు, హైదరాలీ, టిప్పు దండయాత్రలు, 1800లో కంపెనీ దొరల రాక. అప్పుడు బ్యాంకు లేదు, లాకరు లేదు. దండు వస్తాందంటే ఉన్న వరహాలు, పణాలు కుండలో వేసి గోడ కిందనో, చెట్టు కిందనో పూడ్చి పారిపోయేటోళ్లు. కొందరు తిరిగొచ్చినారు, కొందరు రాలేదు. అందుకే పాటిదిబ్బల మన్ను చేన్లకు తోలేటప్పుడు, గట్టిగా వాన పడినాక, ఒకటో రెండో రాగి బిళ్లలు బయటపడేది మన ఊర్లలో కొత్త కాదు.

నమ్మకం వెనకాల నిజం రవంత ఉండాది. ఆ రవంత నిజం మీదనే మోసగాళ్లు బతుకుతాండారు.

ముందు మిషన్ సంగతి చూద్దాం. ఆ పళ్లెంలో ఉండేది రాగితీగ చుట్ట. దాంట్లో కరెంటు అటూ ఇటూ మారుతా పారితే చుట్టూ అయస్కాంత క్షేత్రం పుడతాది. కింద లోహం ఉంటే దాంట్లో చిన్న చిన్న సుడి కరెంట్లు లేస్తాయి. అవి తమ సొంత క్షేత్రం పుట్టిస్తాయి. పళ్లెంలోనే ఉండే ఇంకో చుట్ట దాన్ని పసిగట్టి చప్పుడు చేస్తాది. అంతే. దీంట్లో మంత్రం లేదు, మాయ లేదు.

ఇది పాత విద్యే. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌ను తుపాకితో కాల్చినప్పుడు, ఒంట్లో తూటా యాడుండాదో కనుక్కునేకి టెలిఫోన్ గ్రాహం బెల్ ఇట్లాంటి మిషనే చేసుకొని పోయినాడు. తూటా దొరకలేదు. పరుపు కింద ఉన్న లోహపు స్ప్రింగులు మిషన్‌ను తికమక పెట్టినాయని చెప్తారు. కింద ఇంకో లోహం ఉంటే అంత పెద్ద సైంటిస్టుకే తేలలేదు.

ఇంగ మన నేల సంగతి. ఎర్రమన్నులో ఇనుము పాలు ఎక్కువ. ఆ మన్నే మిషన్‌కు దొంగ సైగలు ఇస్తాది. మామూలుగా కొనే మిషన్ రూపాయి బిళ్లంత నాణేన్ని జానెడు లోతు వరకు పట్టుకుంటే గొప్ప. పెద్ద బిందె అయితే ఇంకొంచెం లోతు. ఇరవై అడుగుల కింద బండ చాటున ఉండే బిందెను చూపించే శక్తి దానికి లేదు. పైగా బంగారానికి ఒక చప్పుడు, చెత్తకు ఒక చప్పుడు అని గ్యారంటీ లేదు. సన్న ఉంగరం, సిగరెట్ ప్యాకెట్‌లోని వెండిరేకు దగ్గరదగ్గర ఒకే మాదిరి మోగుతాయి. రోజంతా తిరిగితే దొరికేది సోడామూతలు, మేకులు, ట్రాక్టర్ బోల్టులు, అరిగిన నాగలి కర్రు ముక్కలు. ఆ వీడియో తీసినాయన కూడా తొంభై గుంతలు తవ్వింది చూపించడు, నాణెం దొరికిన ఒక్క గుంతే చూపిస్తాడు.

ఇది తెలిస్తే మోసగాడు ఎవరో మీకే తెలిసిపోతాది. "మైలు దూరం నుంచే బంగారం చూపే మిషన్" అంటే అబద్ధం. బియ్యాన్ని లాగే రాగిచెంబు, అదే రైస్ పుల్లింగ్ అంటారే, అది ఇంకో అబద్ధం. అంజనం వేసి నిధి చూపిస్తాననే స్వామి మూడో అబద్ధం. పేర్లు వేరే, అంగడి ఒకటే. ముందు అడ్వాన్సు అంటారు, తర్వాత పూజ ఖర్చులు అంటారు, ఆఖరికి బలి అంటారు.

బలి అనేది ఉట్టి మాట కాదు. 2019 జులైలో మనకు దగ్గర్లోనే, తనకల్లు మండలం కొర్తికోటలో, పాత శివాలయం కాడ ముగ్గురిని గొంతులు కోసి చంపినారు. గుప్తనిధుల కోసమేనేమో అన్న అనుమానం అప్పుడే పేపర్లన్నింట్లో వచ్చింది. నిధి పేరు చెప్పి నందుల కడుపులు పగలగొట్టేది, లింగాలు పెకిలించేది మన జిల్లాలో ఏటా వినే వార్త. ఆ ముఠాలకు గడ్డపార పట్టే కూలీలు కావాల. రాత్రికి ఐదొందలో వెయ్యో ఇస్తామని పిలిచేది పనిలేని మన పిల్లోళ్లనే. పట్టుబడితే కేసు వీళ్ల మీద పడతాది, పిలిచినోడు మాత్రం పారిపోయి ఉంటాడు.

ముఠాలే కాదు, సర్కారు తవ్వినా అంతే. 2017 డిసెంబరులో కర్నూలు జిల్లా తుగ్గలి మండలం చెన్నంపల్లి కోటలో నిధి ఉందని ప్రభుత్వమే అనుమతిచ్చి తవ్వించింది. ఊరోళ్లు వద్దని అడ్డం పడినారు. ఎముకలు, పాత ఇటుకలు బయటపడినాయి గాని బంగారం బయటపడలేదు.

సరే, ఎవరినీ మోసం చేయకుండా, మన చేన్లో మనం దున్నుకుంటా ఉంటే నిజంగానే కుండ తగిలింది అనుకుందాం. అప్పుడు మన ఊర్లలో మొదట వినపడే మాట: "ఎవరికీ చెప్పొద్దురా, గవర్నమెంటు అంతా గుంజుకుంటాది." ఈ భయంతోనే ఎన్నో నాణేలు రాత్రికి రాత్రే కంసలి మూసలో కరిగిపోయినాయి. చట్టం ఏం చెప్తాందో మాత్రం ఎవరూ చదివిండరు.

చట్టం పేరు భారత నిధి నిక్షేపాల చట్టం. 1878 నాటిది, బ్రిటిషోళ్ల కాలంది, ఇప్పటికీ అమల్లో ఉండాది. భూమిలో దాచిన వస్తువు దొరికి, దాని విలువ పది రూపాయలు దాటితే, దొరికినోడు కలెక్టరుకు రాసి ఇవ్వాల: ఏం దొరికింది, ఎంత, యాడ, ఏ రోజు. సరుకును ట్రెజరీలో పెట్టాల, లేదంటే పూచీకత్తు ఇవ్వాల. కలెక్టరు ప్రకటన వేసి హక్కుదారులు ఉంటే రమ్మంటాడు. ఎవరిదీ కాదని తేలితే, ముందే వేరే ఒప్పందం లేకుంటే, నాలుగింట మూడు వంతులు దొరికినోడికి, ఒక వంతు నేల సొంతదారుకు. ప్రభుత్వమే ఆ సరుకు తీసుకోవాలనుకుంటే దాని విలువ మీద ఐదో వంతు కలిపి ఇవ్వాల. లక్ష రూపాయల సరుకైతే లక్షా ఇరవై వేలు అన్నమాట.

ఇంకోసారి చదవండప్పా. ముప్పావు వాటా దొరికినోడిది. ఆసామి ఇంటి పునాది తీసేకి కూలికి పోయిన ఆడమనిషి గడ్డపారకు కుండ తగిలితే, దొరికింది ఆమెకు. ఇంత పాత చట్టం ఆమె పక్క నిలబడతాండాది, ఆ సంగతి ఆమెకు చెప్పినోడు లేడు. చెప్పకుండా దాచిపెడితే మాత్రం వాటా పోతాది, ఏడాది వరకు జైలు కూడా. దాచేకి సాయపడిన భూమి సొంతదారుకు ఆరు నెలల వరకు.

ఇది అన్ని తావులకూ వర్తించే మాట కాదు. లేపాక్షి, హేమావతి, గుత్తి కోట మాదిరి పురావస్తు శాఖ కాపాడే తావుల్లో మిషన్ పట్టుకొని తవ్వితే అది 1958 చట్టం కిందకు పోతాది. కట్టడాన్ని చెడగొడితే రెండేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా. నూరేళ్లు దాటిన నాణేలు, విగ్రహాలు దేశం దాటిస్తే 1972 చట్టం ప్రకారం ఆరు నెలలకు తక్కువ కాకుండా మూడేళ్ల దాకా శిక్ష.

దొరికిన తావు చెప్పాల, చెప్పాల అని ఎందుకంత పట్టుదల? తెలంగాణలోని ఫణిగిరి చూడండి. 2024లో అక్కడి బౌద్ధ ఆరామంలో పురావస్తు శాఖోళ్లు తవ్వితే ఒక మట్టికుండ దొరికింది. దాంట్లో 3,730 నాణేలు. ఒకపక్క ఏనుగు, ఇంకోపక్క ఉజ్జయిని గుర్తు. బంగారం కాదు, వెండి కాదు, అన్నీ సీసం. పాత సామాన్లోడికి వేస్తే కిలోల లెక్కన తూకం వేసి చిల్లర చేతిలో పెడతాడు. అదే కుండ ఏ గదిలో, ఏ పొరలో ఉందో తెలిసింది గనక ఇక్ష్వాకుల కాలంలో ఆ ఆరామం ఎట్ల బతికిందో చెప్పేకి ఆధారమైంది.

గోదారి ఒడ్డున కోటిలింగాల ఇంకో కథ. అక్కడ నేల మీద తేలిన నాణేలను సంగనభట్ల నరహరిశర్మ అనే ఆయన ఓపిగ్గా ఏరి పెట్టినాడు. పి.వి.పరబ్రహ్మశాస్త్రి వాటిని చదివినాడు. గోబద, నారన, కంవాయ, సమగోప అనే రాజుల పేర్లు, శాతవాహన సిముకుడి పేరు బయటపడినాయి. శాతవాహనుల కంటే ముందు తెలుగు నేల మీద ఎవరు ఏలినారో ఆ బిళ్లలే చెప్పినాయి. వాటిని కరిగించి ఉంటే రెండు చెంబుల రాగి మిగిలి ఉండేది.

ఇంగ్లండు వీడియోల వెనకాల ఉండే కథ కూడా ఇదే. 1992 నవంబరులో సఫోక్ జిల్లా హాక్స్‌న్ ఊర్లో ఒక రైతు సుత్తి పోగొట్టుకున్నాడు. ఎరిక్ లాస్ అనే స్నేహితుడు మిషన్ తెచ్చి వెతుకుతాంటే రోమన్ల కాలం నాటి నిధి తగిలింది. ఆయన గబగబా అంతా తవ్వుకోలేదు. రవంత చూసి ఆపేసి అధికారులకు చెప్పినాడు. మర్సురోజు పురావస్తు నిపుణులు వచ్చి పొర పొరగా తీసినారు. 14,865 నాణేలు, ఇంకా వెండి సామాన్లు, బంగారు నగలు. దానికి 17.5 లక్షల పౌండ్ల బహుమానం వచ్చింది, ఆయన రైతుతో పంచుకున్నాడు. ఆ సుత్తి కూడా ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉండాది. దానికి తిరగబడి, 2015లో లెమ్‌స్టర్ కాడ వైకింగుల నిధి దొరికిన ఇద్దరు దాచిపెట్టి అమ్ముకున్నారు. సుమారు 300 నాణేల్లో కోర్టుకు చేరినవి 30 పైచిలుకు. 2019లో వాళ్లకు ఏళ్ల తరబడి జైలు పడింది.

అక్కడ 1997 నుంచి ఒక పద్ధతి ఉండాది. మామూలు జనానికి దొరికిన చిన్న వస్తువును కూడా జిల్లాలో ఉండే ఆఫీసరు చూసి, ఫోటో తీసి, తావు రాసుకొని చాలావరకు తిరిగి ఇచ్చేస్తాడు. ఇట్ల పది లక్షలకు పైగా వస్తువులు నమోదైనాయి. మనకు అట్లాంటి మనిషి ఒక్కడూ లేడు. ఎన్.పి.కుంటలో సోలార్ పలకల కోసం వేల ఎకరాలు చదును చేసినారు. జేసీబీ దంతెకు కుండ తగిలితే ఎవరికి చెప్పాలో ఆ డ్రైవరుకు ఎవరైనా చెప్పినారా? ప్రతి తహసీల్దారు ఆఫీసులో ఒక రిజిస్టరు పెట్టండి, చట్టంలోని వాటాల సంగతి తెలుగులో బోర్డు మీద రాయండి, కదిరిలో ఒక చిన్న మ్యూజియం పెట్టండి అని మనం అడగాల. దీనికి కోట్లు కావు కావాల్సింది.

అంతవరకు మిషన్ మీద మోజుండే పిల్లోళ్లు ఏం చేయొచ్చు? చెనిక్కాయలు పీకేటప్పుడు కమ్మ పోగొట్టుకున్న అక్క ఉంటాది. తిరణాలలో ముక్కుపుడక జారిపోయిన అవ్వ ఉంటాది. జానెడు లోతులో ఉండే వాటిని వెతికేకే ఆ మిషన్ పుట్టింది. నలుగురు జతగాళ్లు కలిసి కొనుక్కొని, నేల సొంతదారుని అడిగి, పట్టపగలు వెతికి ఇయ్యండి. వెతికేటప్పుడు పాత నాణెం గాని, కుండ గాని తగిలితే చేతులు ఆపండి. కడగొద్దు, రుద్దొద్దు, చింతపండు అసలే పెట్టొద్దు, అక్షరాలు పోతాయి. ఉన్నది ఉన్నట్టు ఫోటో తీయండి, ఫోన్లో లొకేషన్ పెట్టుకోండి, వీఆర్వోకు చెప్పి కలెక్టరుకు రాసి ఇచ్చి రసీదు తీసుకోండి.

రాత్రిపూట గడ్డపార పట్టుకొని రమ్మని ఎవడైనా పిలిస్తే మాత్రం ఒక్క మాట అడగండి: "అంత నిధి చూపించే విద్య నీకుంటే, నా కూలి డబ్బులు ముందే ఎందుకు ఇయ్యలేకపోతాండావు?"