తిరిగి రావడానికి గడువు పెట్టే నిబంధనలు

నల్లగొండ, పాలమూరు ప్రాంతాల నుంచి అమెరికా వెళ్లి హెచ్-1బి వీసాపై, అంటే సాధారణంగా ఆరేళ్లకు పరిమితమైన తాత్కాలిక ఉద్యోగ అనుమతిపై నివసించే కుటుంబాలకు, తిరిగి రావాలా వద్దా అన్న ప్రశ్న చాలావరకు పిల్లల వయసుతోనే ముడిపడి ఉంటుంది. శాశ్వత నివాసమిచ్చే గ్రీన్‌కార్డుల్లో ఏటా ఏ ఒక్క దేశానికీ సుమారు 7 శాతానికి మించి కేటాయించకూడదన్న పరిమితి వల్ల భారతీయుల నిరీక్షణ ఏళ్ల తరబడి సాగుతుండగా, ఇక్కడ పుట్టి అక్కడ పెరిగిన బిడ్డకు 21 ఏళ్లు నిండగానే తల్లిదండ్రులపై ఆధారపడిన వీసా చెల్లకుండా పోతుంది.

ఇటువైపు గడువు ఇంకా ముందే ముంచుకొస్తుంది. 2024లో సవరించిన తెలంగాణ వైద్యవిద్య ప్రవేశ నిబంధనల ప్రకారం స్థానిక కోటాకు సాధారణంగా ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్ల చదువు రాష్ట్రంలోనే సాగి ఉండాలి కనుక, బిడ్డను డాక్టరు చేయదలచినవారు తొమ్మిదో తరగతి నాటికే రావలసి ఉంటుంది. పద్నాలుగేళ్ల పిల్లవాడి భవిష్యత్తును అంత తొందరగా తేల్చమనడం కుటుంబాలకు నిజంగా బరువే.

భూమి విషయమూ అంతే. దేవరకొండ వైపు బత్తాయి తోట తండ్రి నుంచి వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు గానీ, దాని గట్టునానుకొని ఉన్న రెండెకరాలను విదేశంలో ఉంటూ కొనడానికి ఫెమా, అనగా విదేశీ మారక నిర్వహణ చట్టం, సాధారణంగా అనుమతించదు.