గడియారం లేపితే ఆరోగ్యం లేస్తుందా?

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాలు ఒకప్పుడు ద్రాక్షతోటలకు ప్రసిద్ధి చెందినవి. పందిళ్ళ కింద తెల్లవారింది మొదలు పొద్దుగూకే వరకు వంగుతూ, లేస్తూ, నడుస్తూ పనిచేసిన వారికి “కాస్త లేచి తిరగండి” అని మరొకరు చెప్పవలసిన అవసరం ఉండేది కాదు. కాలక్రమంలో తోటలు తరిగిపోయాయి. 1999 నుంచి తుర్కపల్లి పరిసరాల్లో జీనోమ్ వ్యాలీ విస్తరించింది. శామీర్‌పేటకు న్యాయ విశ్వవిద్యాలయం వచ్చింది, 2008లో బిట్స్ విద్యాసంస్థ వచ్చింది. 2016లో మేడ్చల్ పేరిట జిల్లాయే ఏర్పడింది. ఊరు ఎదిగింది, ఉపాధి పెరిగింది. అయితే ఆ ఉపాధిలో అధికభాగం కుర్చీకి అంటుకున్నది. కంప్యూటరు ముందు ఎనిమిది గంటలు, రానుపోను బస్సులోనో కారులోనో రెండు గంటలు, ఇంటికి వచ్చాక టీవీ ముందు మరో రెండు గంటలు. లెక్క వేసుకుంటే మెలకువగా ఉన్న కాలంలో మూడు వంతులు కూర్చునే గడుస్తున్నది.

ఈ లోపాన్ని సవరించడానికి నేడు చేతికి ఒక కొత్త సాధనం వచ్చింది. అదే స్మార్ట్‌వాచ్. చాలాసేపు కదలకుండా ఉంటే మణికట్టు మీద చిన్నగా అదిరి “లేచి నిలబడండి” అని గుర్తుచేస్తుంది. మధ్యతరగతి ఇళ్ళలో కూడా కొడుకో కూతురో తల్లిదండ్రులకు కానుకగా కొనిపెట్టడం సర్వసాధారణమైంది. ఈ గుర్తుచేయడం వల్ల మేలు ఎంత? దానినే నమ్ముకుంటే చాలునా? ఈ విషయాన్ని ప్రాచీన శాస్త్రం, ఆధునిక పరిశోధన రెండింటి వెలుగులో పరిశీలిద్దాం.

కూర్చునే సుఖమే రోగానికి మూలం

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని మన సామెత. కొండలు కరగడం మాట అటుంచి, కూర్చుని తింటే పొట్ట మాత్రం కరగదు. చరకాచార్యులు ప్రమేహ వ్యాధికి కారణాలు చెబుతూ కూర్చునే సుఖాన్ని, నిద్రాసుఖాన్ని మొట్టమొదట పేర్కొన్నారు. పెరుగు, కొత్త ధాన్యం, బెల్లపు పిండివంటల వంటివి ఆ తరువాతనే వచ్చాయి. సుశ్రుతాచార్యులు ప్రమేహ చికిత్సలో నూరు యోజనాల దూరం నడవడం, బావులు త్రవ్వడం వంటి శ్రమను విధించారు. నేడు మనం మధుమేహం అని పిలిచే వ్యాధి ప్రమేహ భేదాలలో ఒకటి.

ఆధునిక వైద్యం ఈ సత్యాన్ని 1953లో మరో మార్గాన గుర్తించింది. జెరెమీ మోరిస్ అనే వైద్యుడు లండన్ నగరపు రెండంతస్తుల బస్సులలో పనిచేసే డ్రైవర్లను, కండక్టర్లను పోల్చి చూశారు. ఇద్దరిదీ ఒకే బస్సు, ఒకే వేళలు. కానీ రోజంతా కూర్చునే డ్రైవర్ల కంటే, మెట్లెక్కి దిగుతూ టిక్కెట్లు కొట్టే కండక్టర్లలో గుండెజబ్బు తక్కువగా కనిపించింది.

మన దేశ పరిస్థితి ఆందోళనకరంగానే ఉన్నది. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవారు సుమారు 10 కోట్ల 10 లక్షల మంది. ఆ వ్యాధి వాకిట నిలిచినవారు మరో 13 కోట్ల 60 లక్షల మంది. 2022 నాటికి మన వయోజనులలో దాదాపు సగం మందికి తగినంత శారీరక శ్రమ లేదని 2024లో ప్రచురితమైన మరో అధ్యయనం తేల్చింది. పురుషుల కంటే స్త్రీలలో ఈ కొరత ఎక్కువ కావడం గమనార్హం.

గడియారానికి తెలిసేది ఎంత?

స్మార్ట్‌వాచ్‌లో కదలికను కొలిచే చిన్న పరికరం ఒకటి ఉంటుంది. అది చేతి కదలికను బట్టి మనిషి స్థితిని ఊహిస్తుంది. 2015లో వచ్చిన యాపిల్ వాచ్ గంటలో మొదటి 50 నిమిషాలు కదలిక లేకపోతే లేవమని చెబుతుంది. రోజులో 12 వేర్వేరు గంటలలో, గంటకు కనీసం ఒక్క నిమిషమైనా లేచి కదిలితే లక్ష్యం నెరవేరినట్లు చూపుతుంది. ఫిట్‌బిట్ గడియారాలు గంటకు 250 అడుగులు వేయమన్నాయి.

ఇక్కడొక చిక్కు ఉన్నది. పీట మీద కూర్చుని చపాతీ పిండి కలిపే గృహిణి చేయి చకచకా కదులుతుంది, కాళ్ళు కదలవు. గడియారం మాత్రం దానిని అడుగులుగా భ్రమించవచ్చు. అంగడిలో సామాను బండిని రెండు చేతులా పట్టుకుని నెట్టుకుంటూ పోయేవారి చేయి కదలదు కాబట్టి, వారు నడిచిన అడుగులు లెక్కకు రాకపోవచ్చు. అందుకే కూర్చునే కాలాన్ని కచ్చితంగా కొలవదలచిన పరిశోధకులు పరికరాన్ని మణికట్టుకు కాక తొడకు అతికిస్తారు. గడియారం చూపే అంకెను ఉజ్జాయింపుగా తీసుకోవాలే తప్ప శాసనంగా భావించరాదు.

పరీక్షలు చెప్పిన సత్యం

గుర్తుచేయడం వల్ల ఫలితం ఉంటుందా అన్న ప్రశ్నకు స్కాట్లాండులోని గ్లాస్గోలో జరిగి 2012లో ప్రచురితమైన చిన్న పరీక్ష చక్కని సమాధానమిచ్చింది. అందులో 28 మంది కార్యాలయ ఉద్యోగులు పాల్గొన్నారు. అందరికీ ఎక్కువసేపు కూర్చోవడం వల్ల కలిగే కీడును బోధించారు. కొందరికి మాత్రం ప్రతి అరగంటకూ లేవమని కంప్యూటరు తెర మీద హెచ్చరిక వచ్చే ఏర్పాటు చేశారు. హెచ్చరిక అందుకున్నవారిలో అరగంటకు మించి ఏకబిగిన కూర్చోవడం తగ్గింది. కానీ రోజు మొత్తం మీద కూర్చున్న కాలం చూస్తే రెండు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అనగా హెచ్చరిక కూర్చునే కాలాన్ని ముక్కలు చేయగలిగింది గాని, తగ్గించలేకపోయింది.

రెండవ ప్రశ్న, ఈ ఉత్సాహం ఎంతకాలం నిలుస్తుంది? సింగపూరులో 800 మంది ఉద్యోగులతో జరిపిన పరీక్ష ఫలితాలు 2016లో వెలువడ్డాయి. అడుగులు లెక్కించే పరికరం పొందినవారిలో ఏడాది తిరిగేసరికి దానిని ధరిస్తున్నవారు పదిమందిలో ఒకరే. ఇందులో వింత లేదు. రైలుకట్ట పక్కన కాపురముండే వారికి కొన్నాళ్ళకు రైలు కూత వినబడదు. మణికట్టు మీది అదురూ అంతే.

అలాగని ఈ సాధనాన్ని పూర్తిగా తీసిపారవేయరాదు. అనేక అధ్యయనాలను క్రోడీకరించి 2022లో ప్రచురించిన సమీక్ష ప్రకారం, ఇటువంటి పరికరాలు ధరించినవారు సగటున రోజుకు సుమారు 1,800 అడుగులు అధికంగా నడిచారు. బరువు మాత్రం ఒక్క కిలో వరకే తగ్గింది. నడకకు ఇది మంచి తోడు, కానీ బరువు తగ్గించే మందు కాదు.

ఇంగ్లండులోని లెస్టర్ ఆసుపత్రుల ఉద్యోగులతో జరిపిన మరో పరీక్ష మరింత ఉపయోగకరమైనది. అందులో నిలబడి కూడా పనిచేయగలిగేలా ఎత్తు మార్చుకునే బల్లలు అమర్చి, తగిన శిక్షణ ఇచ్చారు. ఏడాది తరువాత కూడా ఉద్యోగానికి వచ్చిన రోజున వారు కూర్చునే కాలం మిగిలినవారి కంటే సుమారు 83 నిమిషాలు తక్కువగా ఉన్నట్లు 2018లో ప్రకటించారు. లేవమని చెప్పడం ఒకటి, లేవడానికి వీలు కల్పించడం మరొకటి. రెండవదే బలమైనది.

ఒక్క నిమిషం చాలునా?

అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయం 2023లో 11 మందిని ఎనిమిదేసి గంటలు కూర్చోబెట్టి, వేర్వేరు రోజుల్లో వేర్వేరు విరామాలతో నడిపించి చూసింది. ప్రతి అరగంటకూ 5 నిమిషాలు నెమ్మదిగా నడిచిన రోజున, భోజనానంతరం రక్తంలో చక్కెర పెరుగుదల, రోజంతా కూర్చున్న నాటితో పోలిస్తే 58 శాతం తగ్గింది. గంటకొకసారి లేచి నడిచిన రోజున చక్కెర విషయంలో ప్రయోజనం కనిపించలేదు. రక్తపోటు మాత్రం ఏ విరామంతో నడిచినా 4, 5 పాయింట్లు తగ్గింది. పాల్గొన్నవారు కొద్దిమందే అయినా, 2012లో ఆస్ట్రేలియాలో 19 మందితో చేసిన పరీక్షలోనూ ఇదే ధోరణి కనిపించింది. అక్కడ ప్రతి 20 నిమిషాలకూ 2 నిమిషాలు నడిస్తే చక్కెర పెరుగుదల సుమారు నాలుగోవంతు తగ్గింది.

దీనిని బట్టి ముఖ్యమైన విషయం ఒకటి తేలుతున్నది. గడియారం గంటకొకసారి కోరే ఒక్క నిమిషం మధుమేహం ఉన్నవారికి చాలదు. వలయం నిండింది కదా అని తృప్తిపడితే మోసపోయేది మనమే. లేవడంతోనే సరిపెట్టుకోక, నాలుగు అడుగులు వేయాలి.

శతపదం మరచిపోరాదు

భోజనం చేసిన పిమ్మట అన్నపు బడలిక తీరేవరకు రాజువలె సుఖంగా కూర్చుని, తరువాత నూరు అడుగులు నడిచి, ఎడమవైపుకు ఒరిగి పడుకోవాలని సుశ్రుత సంహిత ఉపదేశం. 2013లో అమెరికాలో అరవై ఏళ్ళు దాటిన పదిమందితో చేసిన పరీక్షలో, ప్రతి భోజనం తరువాత అరగంటకు 15 నిమిషాలు నడవడం రోజంతటి చక్కెరను అదుపులో ఉంచింది. రాత్రి భోజనానంతరం నడక విశేషంగా పనిచేసింది. మన ఇళ్ళలో భోజనం ఆలస్యంగా జరిగి, వెంటనే మంచమెక్కే అలవాటు ఉన్నవారు ఈ ఒక్క విషయం పట్టుకున్నా ఎంతో మేలు.

శరీరంలోనే ఉన్న గడియారం

వాగ్భటాచార్యులు మలమూత్రాలు, ఆకలి, దప్పిక, నిద్ర మొదలైన పదమూడు వేగాలను బలవంతంగా ఆపరాదని హెచ్చరించారు. కుర్చీ ఉద్యోగి మొదట చేసే తప్పు ఇదే. పని మధ్యలో లేవవలసి వస్తుందని నీళ్ళు త్రాగడు, మూత్రవేగం వచ్చినా బిగపట్టుకుంటాడు. దప్పికైనప్పుడు ఒక గ్లాసు మంచినీరు లేదా పలుచని మజ్జిగ త్రాగేవారిని లేపడానికి మరొక సాధనం అక్కరలేదు. మూత్రపిండాల జబ్బో, గుండెజబ్బో ఉండి నీటి పరిమితి విధించబడినవారు మాత్రం వైద్యుని మాటనే పాటించాలి.

ఆచరణీయమైన కొన్ని సూచనలు

1. నీళ్ళ సీసాను పక్కనే పెట్టుకోకండి. చిన్న గ్లాసు మాత్రమే ఉంచుకుని, త్రాగిన ప్రతిసారీ లేచి వెళ్ళి నింపుకోండి.

2. ఫోను వస్తే లేచి నిలబడి, నడుస్తూ మాట్లాడండి. టీవీలో ప్రకటనలు వచ్చినప్పుడల్లా హాలు నుంచి వంటింటి దాకా నడవండి.

3. గడియారంలో వీలుంటే హెచ్చరికను గంటకు బదులు అరగంటకు మార్చుకోండి. అదిరినప్పుడల్లా చేయవలసిన పనిని ముందే నిర్ణయించుకోండి: మెట్లు దిగి ఎక్కడం, మొక్కలకు నీరు పోయడం, ఆరిన బట్టలు తేవడం. పని నిర్ణయించని హెచ్చరిక గాలిలో కలిసిపోతుంది.

4. మేడ్చల్ మీదుగా నాగపూర్ రహదారి, శామీర్‌పేట మీదుగా రాజీవ్ రహదారి సాగుతున్నాయి. లారీల రద్దీ గల ఆ రోడ్ల అంచున నడవడం క్షేమం కాదు. ఇంటి మేడ, కాలనీ వీధి, అపార్టుమెంటు ఆవరణ మేలు. సెలవునాడు కండ్లకోయ ఆక్సిజన్ పార్కుకు ఇంటిల్లిపాదీ వెళ్ళి రావచ్చు.

5. పొయ్యి దగ్గర గంటల తరబడి కదలక నిలబడటం నడకతో సమానం కాదు. కాళ్ళ నరాలు ఉబ్బినవారికి అది కీడు కూడా. గృహిణులు కూరలు తరగడం వంటి పనులు కూర్చుని చేసుకుని, మధ్యమధ్య అటూ ఇటూ తిరగాలి.

6. రోజులో 60 నుంచి 75 నిమిషాలు చురుకుగా నడిచేవారికి ఎక్కువసేపు కూర్చోవడం వల్ల కలిగే ముప్పు చాలావరకు తొలగుతుందని పది లక్షల మందికి పైగా సమాచారంతో 2016లో తేలింది. అంత వీలుకానివారు అరగంటతోనైనా ఆరంభించాలి.

మోకాళ్ళు పట్టేసినవారికి

చాలాసేపు కూర్చుని లేవబోతే కీళ్ళు బిగుసుకునేవారు, స్నానానికి అరగంట ముందు గోరువెచ్చని నువ్వులనూనెను మోకాళ్ళకు, పిక్కలకు మృదువుగా మర్దన చేసుకుని వేడినీటి స్నానం చేస్తే హాయిగా ఉంటుంది. మధుమేహం వల్ల పాదాల స్పర్శ తగ్గినవారు వేడినీటిలో కాళ్ళు పెట్టరాదు. కాలినా తెలియదు. ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెడితే, నడిచేటప్పుడు గుండెలో పట్టినట్లయితే, గృహవైద్యంతో కాలయాపన చేయక వెంటనే వైద్యుని చూడాలి. చక్కెర తగ్గించే మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు నడక పెంచే ముందు వైద్యునితో సంప్రదించడం అవసరం.

వ్యాయామం తన బలంలో సగం మేరకే చేయాలని వాగ్భటుని మాట. అతి పనికిరాదు, ఆపివేయడమూ పనికిరాదు. స్మార్ట్‌వాచ్ ఉన్నవారు దానిని మొదటి రెండు మూడు నెలలు ఉపాధ్యాయునిగా వాడుకుని, ఆలోగా నీళ్ళ గ్లాసు, ఫోను, భోజనానంతర శతపదం అనే మూడింటినీ అలవాటుగా మలచుకోవాలి. గడియారం లేనివారు చింతించనవసరం లేదు. ఈ మూడింటికీ ఖర్చు లేదు, ఛార్జింగూ అక్కరలేదు. ఈ రాత్రి భోజనం కాగానే ఇంట్లో అందరూ కలిసి మేడ మీద పావుగంట నడవండి.