నీలం పోయిందా, దాక్కుందా?



మీ విరాళాలతో చదువుకునే పిల్లలు సైన్సు గదిలో ఏం నేర్చుకుంటారో ఒక చిన్న ప్రయోగం ద్వారా చెబుతాను.

గంజినీళ్లలో అయోడిన్ చుక్క వేస్తే ముదురు నీలం వస్తుంది. అది పిండిపదార్థానికి గుర్తు. అదే గంజిలో లాలాజలం కలిపి కాసేపు ఉంచితే, అందులోని అమైలేజ్ అనే ఎంజైమ్ పిండిపదార్థాన్ని మాల్టోజ్ అనే చక్కెరగా మారుస్తుంది. ఆ తర్వాత అయోడిన్ వేసినా నీలం రాదు. పుస్తకంలో ఇది నాలుగు మాటలే. చేసి చూస్తే చాలాచోట్ల తేడా వస్తుంది.

ఒక చలికాలం ఉదయం నీళ్లు కాచి, అందాజుగా చన్నీళ్లు కలిపి, అందులో పరీక్షనాళికలు నిలబెట్టించాను. మా దగ్గర థర్మామీటర్ లేదు. కొందరు అబ్బాయిలు వేడి నాళికలోనే అయోడిన్ వేశారు. నీలం కనిపించలేదు. "జీర్ణమైంది" అని రాశారు. ఒక అమ్మాయి మాత్రం నాళికలోంచి చుక్క తీసి, తెల్ల పింగాణీ పలక మీద వేసి పరీక్షించింది. నీలం వచ్చింది. ఉన్నది ఉన్నట్టు రాసింది. పుస్తకంతో కలవలేదని నేను ఆమెకు మార్కులు తగ్గించాను.

గంట గడిచాక చూస్తే అబ్బాయిల నాళికలు చల్లారి నీలంగా మారి ఉన్నాయి! అయోడిన్, పిండిపదార్థం కలిసి ఇచ్చే రంగు వేడిలో కనబడదు, చల్లారితే తిరిగి వస్తుంది. నీళ్లు మరీ వేడెక్కడంతో ఎంజైమ్ పాడైపోయింది. అది బాగా పనిచేసేది మన శరీరపు వేడిలో, అంటే 37 డిగ్రీల దగ్గర. తప్పు నాది, నిజం ఆ అమ్మాయిది. మర్నాడు తరగతి ముందు ఆ మాట ఒప్పుకుని మార్కులు సరిచేశాను.

ప్రయోగంలో దోషాలు రెండు రకాలు. మొదటిది ఒకే పక్కకు లాగుతుంది. థర్మామీటర్ రెండు డిగ్రీలు ఎక్కువ చూపిస్తే ఎన్నిసార్లు చూసినా ఆ తేడా పోదు. తూకంరాయి తగ్గితే ఎన్నిసార్లు తూచినా తక్కువే వచ్చినట్టు. పరికరాన్ని సరిచూసుకోవడమే దీనికి మార్గం. రెండోది అటూ ఇటూ ఊగుతుంది. చుక్క పెద్దదో చిన్నదో కావడం, గడియారం చూడటంలో ఆలస్యం, రంగు పూర్తిగా పోయిందో లేదో కంటితో తేల్చడం ఇలాంటివి. మూడుసార్లు చేసి సగటు తీస్తే ఇది తగ్గుతుంది.

ఇవి కాక పొరపాట్లూ ఉంటాయి. నోరు పుక్కిలించకుండా లాలాజలం తీయడం, ఒకే డ్రాపర్‌ను కడగకుండా అన్ని నాళికలకూ వాడటం వంటివి. అందుకే లాలాజలం బదులు నీళ్లు కలిపిన నాళిక ఒకటి, మరిగించి చల్లార్చిన లాలాజలం కలిపింది ఇంకొకటి పక్కన పెట్టాలి. ఆ రెండింటిలో నీలం నిలిచి, అసలు నాళికలో పోతేనే ఫలితాన్ని నమ్మవచ్చు.

తూకంలో తగ్గించేవారిని ఖుర్ఆన్ 83వ సూరా గట్టిగా హెచ్చరించింది. కొలిచింది కొలిచినట్టు రాయడమూ ఆ నిజాయితీలో భాగమే అని నా పిల్లలకు చెబుతాను. అయితే నిజం రాయాలంటే ముందు సరిగ్గా కొలవగలగాలి. ఒక థర్మామీటర్, డజను డ్రాపర్లు, ఒక స్టాప్‌వాచ్ చిన్న వస్తువులే. అవి లేనిచోట పిల్లలు పుస్తకంలో ఉన్న జవాబే రాసేస్తారు. అవి ఉన్నచోట తమ కళ్లతో చూసింది రాస్తారు.